అసెంబ్లీ దాకా వెళ్లాల్సిన దుకాణం సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా సంఘం తరఫున ఎమ్మెల్యేగారికి మూడుసార్లు వినతిపత్రం ఇచ్చాం. ట్రేడ్ లైసెన్సు (దుకాణం నడపడానికి నగరపాలక సంస్థ ఇచ్చే అనుమతి) ఫీజు దుకాణం వైశాల్యాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి వేస్తారు కదా, మా గల్లీని పెద్ద రోడ్డు కింద రాసేశారు. వెళ్లినప్పుడల్లా "చూద్దాం" అంటున్నారు. ఈ విషయం సభలో అడిగించాలంటే ఎలా?
– కిరాణా హోల్‌సేల్ వ్యాపారి, బేగంబజార్

జవాబు: వినతిపత్రం ఇచ్చినన్నాళ్లూ "చూద్దాం" అన్న మాటే వస్తుంది. పీఏ దానికో సిఫార్సు లేఖ జతచేసి మున్సిపల్ కమిషనర్ పేషీకి పంపుతారు. అక్కణ్నుంచి మీ ప్రాంతం చూసే సర్కిల్ ఆఫీసుకు దిగుతుంది. సర్కిల్ ఆఫీసు "నిబంధనల ప్రకారమే విధించాం" అని రాసి ఫైలు మూసేస్తుంది. సభలో ప్రశ్న దారి వేరు. దానికి మంత్రి పేరు మీద జవాబు అచ్చవుతుంది కాబట్టి శాఖ అంకెలు తీయక తప్పదు. అందుకని ఈసారి వినతిపత్రం మానేసి, ప్రశ్ననే రాసి తీసుకెళ్లండి.

ఎలా రాశారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. "ట్రేడ్ లైసెన్సు ఫీజులతో చిన్న వ్యాపారులు ఇబ్బంది పడుతున్న మాట నిజమేనా?" అని అడిగారనుకోండి, జవాబు ఎలా వస్తుందో సభా పత్రాలు చదివేవాళ్లకు తెలుసు: "(అ) లేదండి. (ఆ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు." ఇబ్బంది అన్నది అభిప్రాయం, కాదనడం సులువు. కాదనడానికి వీల్లేనివి అడగాలి. మీ విషయంలో ఇలా ఉండొచ్చు:

(అ) ఫలానా సర్కిల్‌లో గత మూడేళ్లలో ట్రేడ్ లైసెన్సు ఫీజు కింద ఏటా ఎంత వసూలైంది, అందులో జరిమానా ఎంత?
(ఆ) రోడ్డు వెడల్పు కేటగిరీల వారీగా ఎన్ని దుకాణాలున్నాయి, ఆ వెడల్పును ఏ తేదీన, ఏ రికార్డును బట్టి ఖరారు చేశారు?
(ఇ) కేటగిరీ మార్చమని వచ్చిన దరఖాస్తులెన్ని, వాటిలో తేల్చినవెన్ని?
(ఈ) అదే మూడేళ్లలో ఆ సర్కిల్ మార్కెట్ వీధుల్లో పారిశుధ్యానికి, వీధి దీపాలకు ఏటా ఎంత ఖర్చుపెట్టారు?

చివరిది చాలామంది వదిలేస్తారు. వదలకండి. వసూలూ ఖర్చూ ఒకే కాగితం మీదికి వస్తే తర్వాతి చర్చకు అదే ఆధారం. మధ్యలో పోలీసు చలాన్లు, కరెంటు బిల్లులు కలపొద్దు. ఒక ప్రశ్నకు ఒకే శాఖ. వాదన, ఎత్తిపొడుపు, కోర్టులో నడుస్తున్న వ్యవహారం ఉంటే ప్రశ్న శాసనసభ కార్యాలయంలోనే ఆగిపోతుంది.

నక్షత్ర గుర్తు వేయించాలా వద్దా అన్నది మరో సంగతి. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి లేచి జవాబు చెబుతారు, సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. కానీ ప్రశ్నోత్తరాల సమయంలో నాలుగైదు ప్రశ్నలకు మించి చర్చకు రావడం కష్టం. లోక్‌సభలోనే రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు జాబితాలో పెడితే చాలావాటికి వంతు రాదు. మీకు కావలసింది అంకెలు గనుక నక్షత్రం లేని ప్రశ్నే మేలు, రాతపూర్వక జవాబు చేతికొస్తుంది. టీవీలో కనిపించాలన్న సరదా సంఘం పెద్దలకుంటే అది వేరే లెక్క.

రాజ్యాంగం 174వ అధికరణ ప్రకారం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదు. ఉండాల్సినది అంతే, సభ ఏడాది పొడవునా కూర్చోదు. తేదీలు ప్రకటించాక పరుగెత్తితే నోటీసు గడువు దాటిపోతుంది. ప్రశ్న, దాని వెనక ఒక పేజీ నోటు, రెండు రసీదుల జిరాక్సులు ముందే సిద్ధంగా ఉంచండి. రోడ్డు వెడల్పు రికార్డు కోసం సమాచార హక్కు దరఖాస్తు ఇప్పుడే పెట్టండి: ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ఎమ్మెల్యే చేతిలో ఆ కాగితం ఉంటే అనుబంధ ప్రశ్నకు పదును వస్తుంది.

ఇంకొకటి. ఈ లైసెన్సు జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) చట్టం, 1955 కింద కార్పొరేషన్ ఇచ్చేది. నగర ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కార్పొరేషన్‌లో హోదా రీత్యా సభ్యులు. పాలకమండలి ఉన్న కాలంలో అదే ప్రశ్న సర్వసభ్య సమావేశంలోనూ వేయించొచ్చు.

నిరసనగా రెన్యువల్ మాత్రం ఆపకండి. జనవరి 31 దాటితే 25 శాతం, ఏప్రిల్ 1 నుంచి 50 శాతం జరిమానా పడుతుంది. "ఆక్షేపణతో చెల్లిస్తున్నాం" అని లేఖ ఇచ్చి, దాని మీద స్టాంపు వేయించుకుని కట్టండి.

*

ప్రశ్న: రెడీమేడ్ బట్టలు కుట్టించి అమ్ముతాను. విజయవాడలో మా బావమరిదిదీ ఇదే వ్యాపారం, టర్నోవర్ 35 లక్షలు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. నాకు 24 లక్షలకే రిజిస్ట్రేషన్ తప్పదంటున్నారు. దేశమంతా ఒకటే పన్ను కదా?
– చార్మినార్ ప్రాంత వ్యాపారి

జవాబు: పన్ను ఒకటే, గడప ఎత్తు వేరు. 2019 జనవరి 10న జీఎస్టీ మండలి సరుకుల వ్యాపారానికి 40 లక్షలు, 20 లక్షలు అని రెండు పరిమితులు పెట్టి, ఏది కావాలో రాష్ట్రాలనే తేల్చుకోమంది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర నోటిఫికేషన్ 10/2019లో 40 లక్షల మినహాయింపు వర్తించని రాష్ట్రాల వరుసలో తెలంగాణ ఉంది. అరుణాచల్ ప్రదేశ్, మేఘాలయ, సిక్కిం, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి లాంటివి మనతోపాటు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 40 లక్షల వైపు వెళ్లింది. కాబట్టి మీకు చెప్పింది నిజమే. మీ బావమరిది కూడా రాష్ట్రం దాటి అమ్మితే ఆ మినహాయింపు పోతుంది. ఆ మాట ఆయన చెవిన వేయండి.

ఎమ్మెల్యే అడగాల్సిన ప్రశ్నల్లో ఇది మొదటి వరుసలో ఉండాలని మా అభిప్రాయం. "జీఎస్టీ కేంద్రం చేతిలో ఉంది" అని తప్పించుకునే దారి ఇక్కడ లేదు, ఎంచుకున్నది రాష్ట్రం. అడగాల్సింది వాణిజ్య పన్నుల శాఖను: 20 నుంచి 40 లక్షల మధ్య టర్నోవర్ ఉన్న సరుకుల వ్యాపారులు రాష్ట్రంలో ఎందరు నమోదయ్యారు? వాళ్ల నుంచి గత ఏడాది నికరంగా వచ్చిన పన్నెంత? రిటర్నులు ఆలస్యమైనందుకు వాళ్ల మీద వేసిన రుసుములెంత? పరిమితి మార్చమని మండలికి ప్రతిపాదన పంపే ఆలోచన ఉందా? వచ్చే పన్నుకు, రుసుములకు మధ్య నిష్పత్తి చూస్తే ఈ పరిమితి ఖజానాకు పనికొస్తోందో, కాగితాల పనికే పనికొస్తోందో తెలుస్తుంది.

అప్పటిదాకా మీకున్న దారి కాంపొజిషన్ పథకం. టర్నోవర్ కోటిన్నర లోపు ఉన్న వ్యాపారులు, తయారీదారులు 1 శాతం కడితే చాలు. మూడు నెలలకోసారి చెల్లింపు, ఏడాదికొక రిటర్ను. బిల్లులో పన్ను వేరుగా చూపకూడదు, కొన్నవాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును తాము కట్టాల్సిన దాంట్లో తగ్గించుకునే వీలు) రాదు. మీ సరుకు షోరూములకు పోతుంటే వాళ్లు వద్దంటారు. నేరుగా జనానికి అమ్మేవాళ్లకైతే బాగానే నడుస్తుంది.

*

ప్రశ్న: రోజుకు పది గంటలు పనిచేయించుకోవచ్చని జీవో వచ్చిందట. మా బట్టల షాపులో అమలు చేయొచ్చా? ఇంత పెద్ద మార్పుకు సభలో ఓటింగ్ ఉండదా?
– దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ షాపుకు వర్తించదు. 2025 జూలై 5 నాటి జీవో 282 వాణిజ్య సంస్థలకు ఉద్దేశించింది, దుకాణాలను మినహాయించింది. వాణిజ్య సంస్థలకైనా రోజుకు 10 గంటలు, వారానికి 48 గంటలే, ఆపైన ఓవర్‌టైమ్, అదీ మూడు నెలల్లో 144 గంటలు మించకూడదు.

ఓటింగ్ జరగలేదు, అవసరం పడలేదు. 1988 నాటి షాపులు, సంస్థల చట్టమే కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని ప్రభుత్వానికి అప్పగించింది. చిన్న వ్యాపారం మీద పడే నిబంధనల్లో ఎక్కువ భాగం ఇలాగే వస్తాయి. చట్టం పది పేజీలుంటే దాని కింద రూల్సు, నోటిఫికేషన్లు, సర్క్యులర్లు వంద పేజీలు. సభ్యులు చర్చించేది ఆ పదింటినే. మిగతా వాటిని చూడ్డానికి ఉపశాసనాల కమిటీ అని ఒకటుంటుంది. దాని సమావేశాలకు విలేకరులు పోటీపడరు.

మీ చేతిలో ఉన్న అవకాశం ముసాయిదా దశ. కొన్ని చట్టాలు రూల్సును ఖరారు చేసే ముందు ముసాయిదా గెజిట్‌లో వేసి అభ్యంతరాలు తీసుకోవాలంటాయి. కేంద్రంలో 2014 నుంచి ఉన్న విధానం ప్రకారం ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందుంచాలి. అమెరికాలో 1980 నాటి చట్టం ఇంకాస్త ముందుకెళ్లి, కొత్త నిబంధనతో చిన్న సంస్థల మీద పడే భారాన్ని ఫెడరల్ సంస్థలే లెక్కగట్టి చెప్పాలంటుంది. మన దగ్గర ఆ లెక్క కట్టే పని సంఘాలదే. "మాకు కష్టం" అని కాకుండా "ఒక్కో షాపుకు ఏటా ఇన్ని గంటలు, ఇన్ని రూపాయలు" అని రాసి అభ్యంతరం పంపండి, నకలు ఎమ్మెల్యేకివ్వండి.

*

ప్రశ్న: ఇంజినీరింగ్ యూనిట్ నడుపుతున్నాను. టీ-ఐడియా (రాష్ట్ర పారిశ్రామిక ప్రోత్సాహక పథకం) కింద పెట్టుబడి సబ్సిడీ మంజూరు పత్రం చేతికొచ్చి ఏళ్లయింది, పైసా రాలేదు. ప్రతి బడ్జెట్‌లోనూ పరిశ్రమలకు కోట్లు కేటాయించామంటారు. ఆ డబ్బు ఎక్కడికి పోతోంది?
– జీడిమెట్ల

జవాబు: నాలుగు మాటలున్నాయి, నాలుగూ ఒకటేనని అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. మంజూరు, కేటాయింపు, విడుదల, చెల్లింపు. మీ దగ్గరున్నది మొదటిది. అంటే కమిటీ మీ అర్హతను ఒప్పుకుంది, అంతే. రెండోది బడ్జెట్ పుస్తకంలో రాసిన అంకె, సభ ఓటేసి ఇచ్చిన అనుమతి. అది ఖర్చుపెట్టొచ్చన్న గరిష్ఠ హద్దు, ఖర్చుపెట్టి తీరాలన్న ఆజ్ఞ కాదు. మూడోది ఆర్థిక శాఖ ఇచ్చే బడ్జెట్ విడుదల ఉత్తర్వు. దాని తర్వాత శాఖ బిల్లు పెడుతుంది, టోకెన్ నంబరు పడుతుంది, నిధుల వీలునుబట్టి డబ్బు మీ ఖాతాలోకి వస్తుంది. మార్చి 31 రాత్రికి ఖర్చు కానిది మురిగిపోతుంది, కొత్త ఏడాది మళ్లీ కేటాయింపు నుంచి మొదలు. "బిల్లు ట్రెజరీలో ఉంది" అన్నవాళ్లకు, "విడుదలే కాలేదు" అన్నవాళ్లకు వెళ్లాల్సిన ఆఫీసులు వేరు. ముందు మీ ఫైలు ఏ మెట్టు మీద ఆగిందో జిల్లా పరిశ్రమల కేంద్రంలో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇక పుస్తకం చదవడం. భయపెట్టేలా కనిపిస్తుంది గానీ కిటుకు నాలుగంకెల్లో ఉంది. పద్దు సంఖ్య 2తోనో 3తోనో మొదలైతే రెవెన్యూ ఖర్చు, 4, 5 అయితే పెట్టుబడి ఖర్చు, 6, 7 అయితే అప్పులు. గ్రామీణ, చిన్న పరిశ్రమలది 2851. అందులో 102 మైనర్ హెడ్ (ఉపపద్దు) చిన్న పరిశ్రమలకు, 103 చేనేతకు. మిగతా పరిశ్రమలది 2852. ప్రోత్సాహకాలు ఈ రెండింటిలో ఎక్కడైనా ఉండొచ్చు, రెండూ తిరగేయండి. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల టీ-ప్రైడ్ కోసమైతే 789, 796 మైనర్ హెడ్లు కూడా చూడాలి.

వరుస దొరికాక అడ్డంగా చదవండి. కొత్త ఏడాది అంచనా, నడుస్తున్న ఏడాది అంచనా, దాని సవరించిన అంచనా, అంతకుముందు ఏడాది వాస్తవ ఖర్చు. పత్రికలు రాసేది కొత్త ఏడాది అంచనానే. మీరు చూడాల్సింది వాస్తవ ఖర్చు. అంచనా 100, వాస్తవం 20 అని కనిపిస్తే (ఇది ఉదాహరణే) మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, అసలు బయల్దేరలేదు. దీన్ని ఇంకా గట్టిగా రుజువు చేసేది కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) అందించే వినియోగ పద్దులు. ఒక్కో గ్రాంటు కింద సభ ఎంత ఓటేసింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, ఎందుకు మిగిలిందో శాఖ కారణం చెప్పిందా లేదా అన్నది అందులో ఉంటుంది. 151వ అధికరణ కింద గవర్నర్ ద్వారా ఆ నివేదికలు సభ ముందుకొస్తాయి. వాటిని ప్రజా పద్దుల కమిటీ పరిశీలిస్తుంది. ఆ కమిటీలో మీ ఎమ్మెల్యే ఉంటే మంచిది. లేకపోయినా సభ్యుల్లో ఎవరికైనా నోటు ఇవ్వొచ్చు. మీ నియోజకవర్గమే కానక్కర్లేదు.

సభలో దీన్ని లేవనెత్తడానికి అసలైన సమయం పరిశ్రమల శాఖ పద్దు చర్చకు వచ్చే రోజు. పద్దులో వంద రూపాయలు తగ్గించాలంటూ కోత తీర్మానం ఇచ్చే పద్ధతి ఒకటుంది. తగ్గించడం ఉద్దేశం కాదు, ఒక నిర్దిష్ట ఫిర్యాదును చర్చకు తేవడమే. అది నెగ్గదు, నెగ్గాల్సిన పనీ లేదు. మంత్రి జవాబులో మీ మాట వచ్చిందా లేదా అన్నదే చూడాలి. గడువు ముంచుకొచ్చి చర్చ లేకుండానే పద్దులన్నీ ఒక్కపెట్టున ఆమోదించేస్తే ఆ అవకాశమూ పోతుంది, అందుకే రాతపూర్వక ప్రశ్న కూడా వేయించి ఉంచాలి. అందులో మొత్తం బకాయిలు మాత్రమే అడిగితే ఒక పెద్ద అంకె చెప్పి ఊరుకుంటారు. మంజూరు సంవత్సరం వారీగా ఎన్ని యూనిట్లకు ఎంత బకాయి ఉంది, చెల్లింపు మంజూరు తేదీ క్రమంలో జరుగుతోందా, క్రమం తప్పి ఇచ్చినవి ఉంటే ఏ ఉత్తర్వు ప్రకారం ఇచ్చారు, అని అడిగించండి. వరుస తప్పించి ముందుకెళ్లినవాళ్లుంటే బయటపడేది ఈ చివరి ముక్కతోనే.

"సమాచారం సేకరిస్తున్నాం", "త్వరలో విడుదల చేస్తాం" అని మంత్రి సభలో అంటే నిరాశపడొద్దు. అలాంటి మాటలను వెంటాడడానికే ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. తేదీ, ప్రశ్న సంఖ్య రాసిపెట్టుకోండి.

*

ప్రశ్న: ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఫర్నిచర్ సరఫరా చేశాను. 4 లక్షల బిల్లు, ఎనిమిది నెలలైంది. ఎమ్మెల్యేతో ఫోన్ చేయించమంటారా?
– ఫర్నిచర్ తయారీదారు, నాంపల్లి

జవాబు: ఫోన్ కంటే చట్టం బలమైనది. ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ప్రభుత్వ కార్యాలయానికి మినహాయింపు లేదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 5.5 శాతం అనుకుంటే వడ్డీ 16.5 శాతం, నెలకు 1.375. గడువు దాటి ఆరు నెలలైతే 4 లక్షల మీద సుమారు 34,155 రూపాయలు.

కావలసినవి: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఈ సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు), పర్చేజ్ ఆర్డరు, ఇన్‌వాయిస్, సరుకు అందినట్టు సంతకం చేసిన చలానా. ఎక్కువమంది దెబ్బతినేది చివరి దానితోనే. స్టోర్‌కీపర్ "తర్వాత చేస్తాలే" అంటే సరేనని వచ్చేస్తారు, ఆపైన గడువు ఏ రోజు నుంచి లెక్కించాలో తేలదు. ఉద్యమ్ నమోదు సరఫరాకు ముందే ఉండడం క్షేమం. అది ఉచితం, ఏజెంట్లకు డబ్బివ్వకండి. కాగితాలు చేరాక ఇలాంటి బకాయి తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొన్నవాళ్లు తీర్పు మొత్తంలో 75 శాతం ముందు జమ చేయాలి. మీరు తయారీదారు కాబట్టి ఇదంతా వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నమోదు ఉన్నా ఈ రక్షణ రాదు.

ఎమ్మెల్యే పని ఇక్కడ మీ ఒక్క బిల్లు కాదు. శాఖల వారీగా 45 రోజులు దాటిన బిల్లులెన్ని, ఆలస్యం వల్ల ఖజానా కట్టిన వడ్డీ ఎంత అని అడిగించండి. ఆ వడ్డీ కూడా ప్రజాధనమే.

*

ప్రశ్న: తోపుడు బండ్లవాళ్లకు ఎమ్మెల్యే నియోజకవర్గ నిధి నుంచి తలా ఒక బండి ఇప్పించొచ్చా?
– కోఠి

జవాబు: ఆ నిధి నలుగురూ వాడుకునే పనులకు. సొంతానికి ఆస్తి ఇవ్వడానికి కాదు. వెండింగ్ జోన్‌లో (వీధి వ్యాపారానికి కేటాయించిన చోటులో) నీళ్లు, లైట్లు, మరుగుదొడ్డి అడగండి, కుదురుతుంది. అంతకన్నా ముందు పట్టణ విక్రయ కమిటీ సంగతి కనుక్కోండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. మీ దగ్గర సర్వే రసీదు ఉందా? లేకపోతే మొదట దాని కోసం తిరగండి.